తిరగని బంతి

బౌలింగ్ నేర్పడమంటే సగం పని బంతిని తిప్పడం నేర్పడమే. ఆఫ్ స్పిన్నర్ వేళ్లతో తిప్పుతాడు, లెగ్ స్పిన్నర్ మణికట్టుతో తిప్పుతాడు. ఫాస్ట్ బౌలర్ సీమ్ నిలబెట్టి వేసినా ఆ బంతి గాల్లో వెనక్కి తిరుగుతూనే వెళుతుంది. ఆ తిరుగుడు వల్లే సీమ్ అటూఇటూ ఒరగకుండా నిలుస్తుంది. నకుల్ బాల్ ఒక్కటే దీనికి ఎదురు. వేళ్ల మొనలతోనో, ముడిచిన కణుపులతోనో బంతిని పట్టుకుని, చెయ్యి మామూలు వేగంతోనే ఊపి, బంతిని మాత్రం తిరగనివ్వకుండా వదలాలి. జహీర్ ఖాన్ 2011 ప్రపంచ కప్‌లో వేశాక మన దేశంలో దాని పేరు అందరి నోటా పడింది. తర్వాత భువనేశ్వర్ కుమార్ సన్‌రైజర్స్‌కు ఆడిన రోజుల్లో మన పిల్లలకు ఆ పిచ్చి బాగా పట్టుకుంది. సాయంత్రాలు కాలనీ నెట్స్ దగ్గర నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతుంటాను. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా ముందు అడిగేది దాని గురించే.

పట్టు చూపిస్తాను. ఆ తర్వాత కూర్చోబెట్టి 1948 నాటి క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు కథ చెబుతాను. ఈ బంతి పుట్టిల్లు బేస్‌బాల్. దాని బలమేమిటో, బలహీనత ఎక్కడుందో ఆ ఒక్క సీజన్‌లో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

క్లీవ్‌లాండ్ అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలు. అవి మొదలైంది 1978లో. అంతకు సరిగ్గా 30 ఏళ్ల ముందు, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరు ఊరంతా బేస్‌బాల్ స్టేడియం బాట పట్టింది. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ ఇండియన్స్ ఆటలు చూడటానికి వచ్చినవాళ్లు 26 లక్షల 20 వేల పైచిలుకు. అప్పటికి అదే రికార్డు.

అప్పట్లో సీజన్ అంటే ఒక్కో జట్టుకు 154 ఆటలు. ఏప్రిల్‌లో మొదలై అక్టోబరు మొదటి వారం దాకా దాదాపు రోజూ ఆటే. అయిదు రోజుల టెస్టుకు అలవాటుపడ్డ మనకు ఆ దినచర్య ఊహకందదు. ఈ రోజు ఓడితే బాధపడే తీరిక కూడా ఉండదు, రేపు మధ్యాహ్నం మళ్లీ మైదానంలో నిలబడాలి. అలాంటి ఆటలో లోపాన్ని ఎక్కువ కాలం దాచలేం. ఒక పిచర్, అంటే అక్కడి బౌలర్, ఏం వేస్తాడో ఏడు ప్రత్యర్థి జట్లూ మళ్లీ మళ్లీ చూస్తాయి.

జట్టు మేనేజర్ లూ బౌడ్రో. మేనేజర్ అంటే బయట కూర్చుని చెప్పేవాడు కాదు, షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో రోజూ తనూ ఆడేవాడు. 24 ఏళ్ల వయసులోనే ఆ బాధ్యత తీసుకున్నాడు. 1947 సీజన్ అయ్యాక యజమాని బిల్ వీక్ అతన్ని వేరే జట్టుకు పంపేయాలని చూస్తే ఊరి జనం తిరగబడ్డారు, వీక్ వెనక్కి తగ్గాడు. మరుసటి ఏడు బౌడ్రో బ్యాటింగ్ సగటు, అంటే ఆడిన అవకాశాల్లో హిట్ల వాటా, 0.355. సీజన్ మొత్తంలో అతను స్ట్రైకవుట్ అయింది 9 సార్లు మాత్రమే. ఈ 9 అన్న అంకె ముందు నేను చాలాసేపు ఆగిపోతాను. నెలల తరబడి దాదాపు రోజూ బ్యాట్ పట్టినవాడు, బంతి తగలకుండా వెనుదిరిగింది తొమ్మిదిసార్లే.

పిచర్లలో పెద్ద పేరు బాబ్ ఫెల్లర్‌ది. అతని వేగం దేశమంతా చెప్పుకునేది. బాబ్ లెమన్ 20 ఆటలు గెలిచాడు. ఇక జులైలో, 42 ఏళ్ల వయసులో, శాచెల్ పేజ్ వచ్చాడు. నల్లజాతి ఆటగాళ్లను ప్రధాన లీగులు గడప తొక్కనివ్వని కాలమంతా నీగ్రో లీగుల్లో గొప్ప పిచర్‌గా వెలిగినవాడు. తన ఉత్తమ సంవత్సరాలు అటువైపే గడిచిపోయాక వచ్చి కూడా ఆ సీజన్‌లో 6 గెలిచి 1 ఓడాడు. చేతిని మధ్యలో ఒక్క క్షణం ఆపి వదిలే అతని హెజిటేషన్ పిచ్ కూడా బ్యాటర్ తొందర మీద ఆధారపడ్డ విద్యే. ఆ మనిషిని ఇరవై ఏళ్ల ముందే రానిచ్చి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అంతకు ఏడాది ముందే, 1947 జులై 5న, లారీ డోబీ అమెరికన్ లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు, అదీ ఈ జట్టులోనే. 1948లో రెండు ప్రధాన లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో డోబీ హోమ్ రన్ కొడితే పిచర్ స్టీవ్ గ్రోమెక్ 2-1తో ఆట గెలిచాడు. ఆ తర్వాత ఇద్దరూ చెంపకు చెంప ఆనించి నవ్విన ఫోటో దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ రోజుల అమెరికాలో ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు అలా కౌగిలించుకుని పత్రికలో కనిపించడం చిన్న విషయం కాదు.

ఇంతమంది మధ్య నా కథానాయకుడు జీన్ బియర్డెన్. ఎడమచేతి పిచర్, యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. 1947లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ జట్టులో కేసీ స్టెంగెల్ అనే మేనేజర్ కింద ఆడాడు. అక్కడే అతని నకుల్ బాల్‌కు పదును పెరిగింది. 1948లో క్లీవ్‌లాండ్‌కు వచ్చి 20 గెలిచి 7 ఓడాడు. 9 ఇన్నింగ్స్‌కు అతని ఖాతాలో పడ్డ పరుగుల సగటు 2.43. లీగ్ మొత్తంలో అంతకంటే తక్కువ ఇచ్చినవాడు లేడు.

ఆ బంతి ఏం చేస్తుందో కాస్త చెప్పాలి. పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం 18 మీటర్లు దాటి కొంచెం. బంతి గిర్రున తిరుగుతూ వెళితే దాని మీది కుట్లు గాలిని అన్నివైపులా ఒకేలా కోస్తాయి. తిరగని బంతికి కుట్టు ఏ పక్కన ఉంటే ఆ పక్క గాలి చెదురుతుంది. దారిలో అది మెల్లగా అర చుట్టో, ఒక చుట్టో తిరిగితే కుట్ల స్థానం మారుతుంది, గాలి తోసే దిక్కూ మారుతుంది. అందుకే బంతి తడబడుతుంది. ఎటు తడబడుతుందో వేసినవాడికే తెలియదు. పట్టేవాడి తిప్పలు ఇంకా ఎక్కువ. 1945లో వాషింగ్టన్ జట్టుకు ఏకంగా నలుగురు నకుల్ బాల్ పిచర్లు ఉండేవాళ్లు. ఆ ఏడాది వాళ్ల క్యాచర్ రిక్ ఫెరెల్ పడ్డ అవస్థ బేస్‌బాల్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బియర్డెన్‌కు క్యాచర్ జిమ్ హెగన్. బ్యాటింగ్ అంతంతమాత్రం, పట్టడంలో మాత్రం సాటిలేనివాడు. 20 గెలుపుల్లో హెగన్ చేతుల వాటా ఎంతో ఏ పట్టికలోనూ కనపడదు.

బియర్డెన్ బంతి ఎక్కువగా చివర్లో కిందికి జారేది. అప్పటి బేస్‌బాల్ నియమం ప్రకారం బంతి బ్యాటర్ మోకాళ్లకూ భుజాలకూ మధ్యగా వెళ్లాల్సి ఉండేది. ఆ హద్దు దాటిన బంతుల్ని కొట్టకుండా నాలుగు వదిలేస్తే బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ దొరుకుతుంది. దాన్నే వాక్ అంటారు. 1948లో బియర్డెన్ స్ట్రైకవుట్ చేసింది 80 మందిని, వాక్ ఇచ్చింది 106 మందికి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమైపోతుంది. హద్దు కింద పడబోయే బంతిని బ్యాటర్ ఆశపడి కొట్టబోయినంతవరకే ఆ విద్య విద్య. సగం అతని చేతిలో ఉంది, సగం ఎదుటివాడి తొందరలో ఉంది.

సీజన్ చివరి రోజు అక్టోబరు 3, ఆదివారం. డెట్రాయిట్ మీద గెలిస్తే క్లీవ్‌లాండ్‌దే లీగ్. ఫెల్లర్ వేశాడు, 7-1తో ఓడారు. అదే రోజు బోస్టన్ 10-5తో యాంకీస్‌ను ఓడించింది. రెండు జట్లూ 96 గెలుపులు, 58 ఓటములతో సమమయ్యాయి. అమెరికన్ లీగ్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. మర్నాడు బోస్టన్‌లోని ఫెన్వే పార్క్‌లో ఒకే ఒక్క నిర్ణయాత్మక ఆట.

బౌడ్రో బియర్డెన్‌ను ఎంచుకున్నాడు. బియర్డెన్ శనివారమే డెట్రాయిట్ మీద పూర్తి ఆట వేశాడు, విశ్రాంతి దొరికింది ఒక్క రోజు. పైగా ఫెన్వేలో ఎడమవైపు గోడ బ్యాటర్‌కు చాలా దగ్గర. 37 అడుగుల ఎత్తున్నా కుడిచేతి బ్యాటర్లు దాన్ని అలవోకగా అందుకుంటారు, అందుకే అక్కడ ఎడమచేతి పిచర్‌ను దింపాలంటే అందరికీ భయం. అయినా దింపాడు. నకుల్ బాల్‌కు చేతి బలం పెద్దగా ఖర్చు కాదు కాబట్టి ఒక్క రోజు విశ్రాంతి చాలని లెక్కేసి ఉంటాడు. రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చి ఆడారు. బియర్డెన్ ఆట మొత్తం తనే వేసి 5 హిట్లు ఇచ్చాడు. బౌడ్రో రెండు హోమ్ రన్లు, మరో రెండు హిట్లు. కెన్ కెల్ట్‌నర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. స్కోరు 8-3.

అందరూ భయపడే చోట, ఆ రోజుకు సరిపోయే మనిషిని ఎంచుకోవడానికి గుండె కావాలి. ఓడి ఉంటే బౌడ్రోను జీవితాంతం నిలదీసేవాళ్లు. బోస్టన్ మేనేజర్ జో మెకార్తీ 36 ఏళ్ల డెనీ గేల్‌హౌస్‌ను ఎందుకు దింపాడన్న ప్రశ్న ఆ ఊళ్లో ఇంకా ఆగలేదు.

వరల్డ్ సిరీస్ బోస్టన్‌కే చెందిన మరో జట్టు బ్రేవ్స్‌తో. మూడో ఆటలో బియర్డెన్ 2-0తో గెలిచాడు. సీజన్‌లో 106 వాక్‌లు ఇచ్చినవాడు ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు. అక్టోబరు 11న ఆరో ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు, లెమన్ స్థానంలో వచ్చి 4-3తో ఆట ముగించాడు. క్లీవ్‌లాండ్ విజేత. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ జట్టుకు మరో వరల్డ్ సిరీస్ టైటిల్ రాలేదు.

ఆ మర్నాడే, అక్టోబరు 12న, న్యూయార్క్ యాంకీస్ కొత్త మేనేజర్‌ను ప్రకటించింది. ఎవరో కాదు, ఓక్లాండ్‌లో బియర్డెన్‌ను దగ్గరుండి చూసిన కేసీ స్టెంగెల్. ఆ బంతిని కొట్టబోకండి, వదిలేయండి, కిందికే పోతుంది అని తన బ్యాటర్లకు చెప్పాడంటారు. మిగతా జట్లకూ ఆ మాట పాకింది. 1949లో బియర్డెన్ 8 గెలిచి 8 ఓడాడు, సగటు 5 దాటింది. 1953 దాకా జట్లు మారుతూ ఆడాడు. మొత్తం కెరీర్‌లో 45 గెలుపులు, అందులో 20 ఆ ఒక్క ఏడాదివే. అంతా స్టెంగెల్ మాటవల్లే జరిగిందని నేననను. కానీ దారి మాత్రం అక్కడే మూసుకుపోయింది.

ఒక్క సీజన్ వాడు అని బియర్డెన్‌ను తేలిగ్గా తీసేసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. 154 ఆటల సుదీర్ఘ సీజన్‌లో, లీగ్‌లోని బ్యాటర్లందరి ఎదుట, జట్టుకు అవసరమైన ప్రతిచోటా నిలిచిన పని అది. 1949లో వాడిపోయినంత మాత్రాన 1948 చెరిగిపోదు.

క్రికెట్‌లో ఈ బంతికి మరో రక్షణ ఉంది. స్టంప్స్ మీదికి వచ్చే బంతిని బ్యాటర్ వదల్లేడు, టీ20లో వదిలిన ప్రతి బంతీ అతనికే నష్టం. అందుకే ఇక్కడ నకుల్ బాల్ ప్రధానంగా వేగాన్ని దాచే మోసంగా మిగిలింది. పిల్లలు దాన్ని ఓవర్‌లో మూడు నాలుగుసార్లు వేసేస్తుంటారు. అందుకని ఈ మధ్య నెట్స్‌లో ఒక నియమం పెట్టాను. వరుసగా రెండు నకుల్ బాల్స్ పడితే, రెండోదాన్ని బ్యాటర్ కాచుకుని, ఆలస్యంగా ఆడాలి. మొదటి వారం బౌలర్లు గొణిగారు. ఇప్పుడు అందులో ఒకడు యార్కర్ మీద కూర్చున్నాడు, మరొకడు పాత ఆఫ్ కట్టర్‌ను మళ్లీ బయటికి తీశాడు. హెగన్ లాంటి వికెట్ కీపర్ కోసం మాత్రం ఇంకా వెతుకుతున్నాను. కుర్రాళ్లందరికీ బౌలింగే కావాలి, గ్లవ్స్ తొడుక్కోమంటే ఒక్కడూ ముందుకు రాడు.