ఒకే వాన, రెండు నేలలు

మెట్ట సేద్యంలో విత్తే వేళను వాన ఒక్కటే తేల్చదు. పడిన వానను నేల ఏం చేసుకుంటుందన్నది కూడా చూడాలి. మృగశిర కార్తెలో పడ్డ ఒకే వానకు ఎర్ర చల్కలో మర్నాడే గొర్రు కదులుతుంది, పక్కనున్న రేగడిలో ఎడ్లు కాలు పెట్టలేవు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఈ రెండు నేలలు జిల్లాకొకటిగా విడిపోయి ఉండవు. చాలాచోట్ల ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే రైతు పొలంలో పక్కపక్కనే ఉంటాయి.

తేడాకు మొదటి కారణం అడుగునున్న రాయి. ఆదిలాబాద్, నిర్మల్, వికారాబాద్ ప్రాంతాల్లో దక్కన్ లావా గడ్డకట్టిన బసాల్ట్ ఉంది. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. అది చివికితే బంకమన్ను ఎక్కువగా ఉండే నల్లరేగడి వస్తుంది. నంద్యాల వైపు సున్నపురాయి, షేల్ మీద కూడా రేగడే ఏర్పడింది. అనంతపురంలోనూ తెలంగాణలో చాలా భాగంలోనూ ఉన్న గ్రానైట్, నైస్ రాళ్ల మీద ఎర్రనేలలు ఎక్కువ.

అయితే రాయి ఒక్కటే కారణమనుకుంటే గ్రానైట్ ప్రాంతాల్లోని నల్లచేలు అర్థం కావు. అక్కడ పని చేసేది వాలు. గట్టు మీద పడ్డ వాన మట్టిలోని కాల్షియాన్ని, సిలికాను కరిగించి కిందికి తీసుకుపోతుంది. పైన ఇనుము ఆక్సైడ్లు మిగిలి నేల ఎర్రబడుతుంది. పల్లంలో ఆ ఖనిజాలు చేరి, నీరు నిలిచి, ఉబ్బే రకం బంకమన్ను తయారవుతుంది. అందుకే గట్టున చల్క, మధ్యలో గరప, పల్లంలో రేగడి అన్న వరస అంత తరచుగా కనిపిస్తుంది. నల్లగా ఉన్న మట్టిలో సేంద్రియ పదార్థం దండిగా ఉంటుందన్న నమ్మకం మాత్రం సరికాదు. మన రేగడుల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. ఆ నేల బలమంతా బంకమన్నులో, అది దాచుకునే తేమలో ఉంది.

ఎండాకాలంలో రేగడి నెర్రెలు విడుస్తుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి నేరుగా లోతుకు దిగుతుంది. తడిసిన మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక ఇంకుడు దాదాపు ఆగిపోయి, గంటకు ఒక మిల్లీమీటరు కూడా లోపలికి పోదు. తడిమీద దున్నితే పెళ్లలు లేచి, ఎండాక రాళ్లలా మిగులుతాయి. ఆరిపోయాక దున్నితే నాగలి దిగదు. ఈ రెంటి మధ్య పదును ఉండేది కొద్ది రోజులే. దాన్ని రైతు చేత్తోనే చూస్తాడు. నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. వేళ్లకు అంటుకుంటే ఇంకా ఆగాలి.

ఈ ఇబ్బంది వల్లనే చాలా రేగడి సీమల్లో వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచి, వానలు వెనకబట్టాక జొన్న, శనగ విత్తడం ఆనవాయితీ అయింది. లోతైన రేగడి 200 మిల్లీమీటర్ల దాకా నీటిని పైరుకు దాచిపెడుతుంది. శనగ ఆ తేమ మీదే, మంచు తోడుగా, పండుతుంది. తేమ తగ్గేకొద్దీ నెర్రెలు తెరుచుకుని వేళ్లను తెంపుతాయి కాబట్టి వరసల మధ్య గుంటక తోలి వాటిని పూడ్చాల్సి ఉంటుంది. చూడ్డానికి చిన్న పనే, కానీ పంట నిలవడంలో దానిది పెద్ద పాత్ర. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో చల్కా, రేగడీ రెండూ ఉన్నాయి. నమ్మకంగా వానలు పడే చోట్ల, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తి, వెడల్పాటి మళ్ల మధ్య కాల్వలతో మురుగు తీసేస్తే రేగడిలోనూ వానాకాలం పంట తీయవచ్చని అక్కడి పరిశోధన చూపింది.

ఎర్రనేలది వేరే స్వభావం. వాన వెలిసిన వెంటనే పనికి వస్తుంది, అంతే త్వరగా ఆరిపోతుంది. లోతు తక్కువైన చల్కలో పైరుకు అందే నీరు రేగడిలో సగం కూడా ఉండదు. జల్లు గట్టిగా పడి ఎండ కాస్తే పైపొర బిగిసి మొలకను రానివ్వదు. పది పదిహేను రోజుల బెట్ట రేగడి పైరుకు తెలియకపోవచ్చు, చల్క పైరు వాడిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే అనంతపురంలో వేరుశనగ నిలదొక్కుకోవడానికి ఈ నేల తేలికదనమూ ఒక కారణం. ఊడలు సులువుగా దిగుతాయి, పీకేటప్పుడు కాయ మట్టిలో ఉండిపోదు.

చల్కకు ఉన్న లోటును చెరువు పూడిక మట్టి కొంత తీరుస్తుంది. గట్ల మీదినుంచి కొట్టుకుపోయిన సన్నమన్ను చెరువు అడుగున చేరుతుంది. ఎండాకాలంలో దాన్ని తవ్వి బండ్ల మీద తిరిగి చేలకు తోలడం పాత పద్ధతి. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో ఇది మళ్లీ పెద్దయెత్తున జరిగింది. ఇదే మట్టిని రేగడికి తోలితే కూలీ దండగ.

చౌడు నేల మరో రకం. సోడియం ఎక్కువైన ఆ మన్ను తడిస్తే విచ్చుకుని రంధ్రాలన్నీ మూసేస్తుంది. పైరు వేళ్లకు గాలీ నీరూ అందవు. అక్కడ జిప్సం వేసి నీటితో కడగాలి. కానీ రాయలసీమ మట్టి మిద్దెలకు పైన పరిచేది ఆ చౌడునే. నీరు దిగనివ్వని గుణమే అక్కడ కావలసింది.

నేల ఇంత దగ్గరలో ఇన్ని రకాలుగా మారుతుంటే మండలమంతటికీ ఒకే విత్తే తేదీ, ఒకే ఎరువు మోతాదు చెప్పడం రైతుకు అన్యాయం. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో మెట్ట భూములకు 10 హెక్టార్లకు ఒక నమూనా చాలన్నారు. గట్టూ పల్లమూ కలిసిన 10 హెక్టార్లలో ఆ ఒక్క నమూనా ఏ నేలదో కార్డు చూసి చెప్పలేం. అందుకని రైతే రంగు, వాలు, మన్ను చూసి చేనును భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి విడిగా మట్టి తీయడం మేలు. పొలం గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలున్న చోట్లు వదిలి, ఎనిమిది పది చోట్ల జానెడు లోతున వి ఆకారంలో గుంట తీసి, పక్కల నుంచి పైనుంచి కిందిదాకా సమంగా మట్టి గీకాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడన ఆరబెట్టి, చేనులో ఏ భాగానిదో సంచి మీద రాసి పంపాలి.