తలుపు దాకా తోడొచ్చే మనిషి

మావైపు ఒక మనిషి చేత తాగుడు మాన్పించాలంటే ఇంటివాళ్లు చేయని ప్రయత్నం ఉండదు. తల్లి నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. పెళ్లి చేస్తే దారికొస్తాడంటారు. ఎవరో ఇచ్చిన పొడిని తెలియకుండా కూరలో కలుపుతారు. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, దాని మీద తాగిన మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఇక అయ్యప్ప మాల. 41 రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెడితే, మనోబలం లేదని తీర్పు చెప్పేస్తాం. అది అన్యాయం. దీక్షలో ఉన్నన్నాళ్లూ అతనికి తోటి స్వాములున్నారు. తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం నుంచి రాత్రి భజన దాకా రోజంతటికీ ఒక క్రమం ఉంది. మాలతో పాటు అవన్నీ పోయాయి. ఒంటరిగా మిగిలాడు. సాయంత్రం ఆరైతే ఎక్కడికి వెళ్లాలి? అతనికి తెలిసిన చోటు ఒక్కటే.

మా బంధువు ఒకాయన కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ (అందరూ ఏఏ అంటారు) అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం మీటింగు ఎక్కడ జరుగుతుందో వెతికినప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. నేను వెతికింది చిరునామా. ఫోన్ ఎత్తినాయన మాత్రం, ‘మీరు కాదండీ, ఆయన్ని మాట్లాడమనండి. నేనూ తాగి మానేసినవాణ్నే’ అన్నారు. ఎవరు పోరినా ఉలకని మా బంధువు, ఆ మాట విని ఫోన్ అందుకున్నాడు.

ఏఏ పుట్టిందే అలాంటి ఫోన్‌తో. 1935 మే నెలలో న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో వ్యవహారం చెడి, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. తాగడం మాని కొన్ని నెలలే అయింది. ఒకవైపు బారు, అందులోంచి నవ్వులు. ఇంకోవైపు టెలిఫోను, ఊళ్లోని చర్చీల జాబితా. అతను ఫోన్ వైపు నడిచాడు. తనలాంటి తాగుబోతుతో మాట్లాడకపోతే ఆ రాత్రి గడవదని అతనికి తెలుసు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంటకు మించి కూర్చోనని షరతు పెట్టి వచ్చిన డాక్టరు ఆరు గంటలకు పైగా కూర్చుండిపోయాడు. అంతకుముందు నీతులు చెప్పినవాళ్లు ఎందరో. తాగుడంటే ఏమిటో అనుభవించి చెప్పినవాడు బిల్ ఒక్కడే. డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పే జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

మన దేశంలోకి ఏఏ 1957లో వచ్చింది. మీటింగులు చాలాచోట్ల చర్చి ఆవరణల్లో, బడి గదుల్లో జరుగుతాయి. అది చూసి మతం మారుస్తారేమోనని వెనక్కి తిరిగే ఇళ్లున్నాయి. ఆ భయం అక్కర్లేదు. గది అద్దెకు తీసుకుంటారు, అంతే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, బయటివాళ్ల చందాలు తీసుకోరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. కుర్చీలు వేసుకుని ఒక్కొక్కరూ తమ కథ చెబుతారు. మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు.

వెతికేటప్పుడు మొదట భాష అడగండి. గుండెలోది చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ఇంగ్లిషు గదిలో మూగగా కూర్చోకూడదు. తర్వాత వేళ. అతనికి మందు గుర్తొచ్చే వేళకు జరిగే మీటింగయితే మంచిది. ఓపెన్ మీటింగుకు కుటుంబం కూడా వెళ్లవచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. తెలిసినవాళ్లు చూస్తారని సిగ్గయితే పక్క పేటకు వెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో చేరండి. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు. ఒక్కసారి వెళ్లొచ్చి ‘మనకి పడదు’ అనేయడం తొందరపాటు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి ఆపేస్తే చేతుల వణుకుతో పోదు. మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాత మీటింగు. ఎవరిని అడగాలో తెలియనివారికి 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది.

కబుర్లు చెప్పుకుంటే వ్యసనం పోతుందా అని అడిగేవాళ్లకు: వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2020లో వచ్చింది; అది 27 అధ్యయనాలను, పది వేలకు పైగా మనుషులను పరిశీలించింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ, దానివైపు నడిపించే చికిత్స ఇతర పద్ధతులకు సమానంగా, కొన్నిచోట్ల మెరుగ్గా పనిచేస్తున్నాయని తేల్చింది.

మందు మీద మన దగ్గరా పోరాటం జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దుబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అప్పటి నుంచీ మన మాటలన్నీ దుకాణం తెరవాలా మూయాలా అన్నచోటే ఆగిపోయాయి. మానిన మనిషి సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో ఏ పార్టీ మాట్లాడదు. మండలానికో తెలుగు మీటింగు ఎందుకు ఉండకూడదు? దానికి కావలసింది ఖాళీ గది, మానేసిన ఇద్దరు మనుషులు.

ఇంతా వెతికేది ఎక్కువగా భార్యలూ తల్లులే. వాళ్లకోసం 1951లో బిల్ భార్య లోయిస్, మరో సభ్యుడి భార్యతో కలిసి అల్-అనాన్ మొదలుపెట్టింది. అది తాగేవారి కుటుంబాల మీటింగు. అక్కడికి వెళ్లడానికి ఆయన మానేదాకా ఆగనక్కర్లేదమ్మా. ఆయన రానని మంచం దిగకపోయినా, మీరు వెళ్లవచ్చు.