ప్రశ్నకి ఉత్తరం, ఉత్తరానికి ఉత్తరం

ఆఫ్రికా రచయిత్రుల గురించీ, దర్శకురాళ్ల గురించీ ఎవరు రాసినా "తొలి" అనే మాట దగ్గరే మొదలుపెడతారు. ఇంగ్లీషులో నవల అచ్చయిన తొలి నైజీరియా రచయిత్రి ఫ్లోరా న్వాపా. సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికా నుంచి పూర్తి నిడివి సినిమా తీసి, దాన్ని హాళ్ల దాకా తెచ్చిన తొలి స్త్రీ సాఫీ ఫాయ్. ఇవి నిజాలే, చెప్పుకోవలసినవే. కానీ "తొలి మహిళ" అని పీట వేసి కూచోబెట్టాక, ఆమె ఏమందో వినే పని మనకి తప్పిపోతుంది. ఆమె ముందూ వెనకా ఎవరూ లేనట్టు, ఒంటరిగా పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ స్త్రీలు ఒకరి మాట ఒకరు అందుకున్నారు. ఒకరు అడిగి వదిలేసిన ప్రశ్నకి ఇంకొకరు జవాబు రాశారు. వాళ్లు సాధించినదాంట్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

తెలుగు పాఠకులకి ఆఫ్రికా సాహిత్యం చాలావరకు మగ రచయితల ద్వారానే పరిచయం. గూగీ నవల "డెవిల్ ఆన్ ద క్రాస్"ని వరవరరావు జైల్లో ఉండగా "మట్టికాళ్ల మహారాక్షసి"గా అనువదించారు. ఆ నవలలో వరీంగా కథ మనని కదిలిస్తుంది. అయితే ఒక స్త్రీ గురించి పురుషుడు లోకానికి చెప్పడం వేరు, ఒక స్త్రీ మరో స్త్రీతో మాట్లాడడం వేరు. నేను చెప్పదలచుకున్నది ఈ రెండోదాని గురించి.

ఫ్లోరా న్వాపా "ఎఫురు" 1966లో వచ్చింది. ఎఫురు అందగత్తె, వ్యాపారంలో చెయ్యి తిరిగినది, ఊళ్లో నలుగురికీ అక్కరకొచ్చే మనిషి. మొదటి భర్త ఆమెని వదిలేసి వెళ్లిపోతాడు. ఒక్కగానొక్క కూతురు చనిపోతుంది. రెండో పెళ్లీ నిలవదు. చివరికి ఆమె ఊరి సరస్సులో ఉండే దేవత ఉహమిరికి ఆరాధకురాలవుతుంది. ఉహమిరి సంపద ఇస్తుంది, అందం ఇస్తుంది, పిల్లల్ని మాత్రం ఇవ్వదు. ఆ దేవతకే బిడ్డలు లేరు, తల్లితనంలోని ఆనందం ఆమె ఎరగదు. మరి స్త్రీలు ఆమెని ఎందుకు కొలుస్తున్నారు? న్వాపా ఈ ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా నవల ముగించింది.

పదమూడేళ్ల తర్వాత, 1979లో, బుచీ ఎమెచేటా ఆ ఆఖరి వాక్యంలోని మాటల్నే తన నవలకి పేరుగా పెట్టుకుంది: "ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్". ఆ పేరులో ఉన్నదంతా ఎత్తిపొడుపే. నవలలో న్ను ఎగో ఊరు విడిచి లాగోస్ వస్తుంది. భర్త తెల్లవాళ్ల ఇంట్లో బట్టలుతుకుతాడు, దొరసాని లోదుస్తులతో సహా. తొలి బిడ్డ చనిపోతే ఆమె వంతెన మీంచి దూకబోతుంది. తర్వాత వరసగా పిల్లలు పుడతారు, కొడుకులు చదువుకుని విదేశాలకి వెళతారు. ఇంతమంది బిడ్డల తల్లి చివరికి దారిపక్కన, చెయ్యి పట్టుకునేవాళ్లు లేక చనిపోతుంది. ఆ తర్వాత ఆమెకి గుడి కడతారు. పిల్లలు కావాలని స్త్రీలు వచ్చి మొక్కుతారు. న్ను ఎగో ఎవరికీ పిల్లల్నివ్వదు!

రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఈ ముగింపు పదును తెలుస్తుంది. న్వాపా అడిగినదానికి ఎమెచేటా నేరుగా జవాబు చెప్పలేదు. తల్లితనం తెలియని దేవతకి బదులు, తల్లితనాన్ని తుదికంటా అనుభవించిన స్త్రీని దేవతని చేసి చూపించింది. ఆమె కూడా పిల్లల్నివ్వదంటే, ఎందుకివ్వదో చదివే స్త్రీకి తెలుసు. ఇది రాయడానికి ఎమెచేటా పడ్డ పాట్లు తక్కువవి కావు. ఆమె తొలి రాతప్రతిని భర్త తగలబెట్టాడు. లండన్‌లో ఐదుగురు పిల్లలతో ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, ఆ నవలని మళ్లీ మొదటినుంచీ రాసింది. అదే 1976లో వచ్చిన "ది బ్రైడ్ ప్రైస్".

ఉత్తరం అనే మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి: లేఖ, జవాబు. సెనెగల్ స్త్రీల విషయంలో ఈ రెండర్థాలూ కలిసిపోతాయి. ఎమెచేటా నవల వచ్చిన 1979లోనే మరియామా బా "సో లాంగ్ ఎ లెటర్" ఫ్రెంచిలో వెలువడింది. భర్త చనిపోయి ఇద్దత్ పాటిస్తున్న రామతులాయ్ అనే టీచరు, ఆ నాలుగు నెలల పది రోజుల్లో స్నేహితురాలు ఐసతుకి రాసే ఉత్తరమే ఈ నవల. భర్త తన కూతురి స్నేహితురాలైన బినెతుని రెండో పెళ్లి చేసుకున్నప్పుడు రామతులాయ్ విడాకులు తీసుకోలేదు. తనకి అలాంటిదే జరిగినప్పుడు ఐసతు భర్తని వదిలేసి, చదువుకుని, ఉద్యోగం సంపాదించింది. ఇద్దరిలో ఎవరు ఒప్పు అని నవల తీర్పు చెప్పదు. బస్సుల కోసం పడిగాపులు పడుతున్న స్నేహితురాలికి ఐసతు కారు కొనిస్తుంది. స్త్రీల స్నేహం గురించి ఎంతో రాశాం గానీ, ఒక స్త్రీ మరో స్త్రీకి కారు కొనిచ్చిన సన్నివేశం సాహిత్యంలో ఎన్నిచోట్ల కనిపిస్తుంది? ఇంకొకటి కూడా ఉంది. భర్త వదిలేశాక రామతులాయ్ ఒంటరిగా సినిమాకి వెళ్లడం నేర్చుకుంటుంది. నడివయసు స్త్రీ తోడు లేకుండా వచ్చిందని జనం వింతగా చూస్తారు. ఆమె మాత్రం వెళుతూనే ఉంటుంది.

ఆ తెర మీద ఆమెకి తన దేశపు స్త్రీ తీసిన సినిమా కనబడిందా? సాఫీ ఫాయ్ 1975లోనే "కద్దు బేకట్" తీసింది. అదీ ఉత్తరమే, తన పల్లె గురించి దర్శకురాలే తన గొంతుతో చదివే ఉత్తరం. ఎన్‌గోర్ అనే కుర్రవాడు కుంబాని పెళ్లాడాలనుకుంటాడు. వానల్లేవు, వేరుశనగ పండలేదు, ఓలి కట్టడానికి డబ్బు లేదు. పని వెతుక్కుంటూ డకార్ వెళతాడు. వలస పాలకులు అంటగట్టిన వేరుశనగని స్వతంత్ర ప్రభుత్వం కూడా వదలనివ్వకపోవడాన్ని ఊరివాళ్లు చెట్టు కింద కూచుని తిట్టుకుంటారు. అందులో నటులు లేరు, ఊరివాళ్లే ఉన్నారు. ఆ సినిమాని సెనెగల్ ప్రభుత్వం నిషేధించింది. 2018లో కెన్యా దర్శకురాలు వనూరీ కహియు సినిమా "రఫీకీ" కాన్ ఉత్సవానికి వెళ్లినప్పుడూ ఇదే కథ. ఇద్దరమ్మాయిల ప్రేమకథ అని స్వదేశంలో నిషేధించారు. కోర్టుకెళితే ఏడు రోజులు చూపించుకోనిచ్చారు. పండగలూ బహుమతులూ బయటి దేశాల్లో, నిషేధాలు సొంతగడ్డ మీద. ఆఫ్రికా స్త్రీల విజయాల్ని బహుమతుల జాబితాతో కొలిస్తే ఈ సగం కనపడదు.

మరియామా బా నవలలో నాకు ఎప్పుడూ వెలితిగా తోచేది బినెతు. తల్లి పేదరికం వల్ల, ఆశ వల్ల, చదువు మానిపించి పెళ్లి చేసిన పిల్ల. ఉత్తరం రాసే భాషా, దాన్ని అందుకునే స్నేహితురాలూ రామతులాయ్‌కి ఉన్నాయి. బినెతుకి రెండూ లేవు. ఫ్రెంచి చదివిన స్త్రీ ఆమెపై జాలిపడుతుంది గానీ ఆమె తరఫున మాట్లాడలేదు. 1996లో సాఫీ ఫాయ్ తీసిన "మోసాన్" ఈ ఖాళీలోకి వచ్చిందని నేను చదువుకుంటాను. పద్నాలుగేళ్ల మోసాన్‌ని ఫ్రాన్స్‌లో పనిచేసేవాడికి ఇవ్వాలని తల్లిదండ్రుల నిర్ణయం. ఆమె పేద విద్యార్థిని ప్రేమించింది. పెళ్లిలో అందరి ముందూ కాదంటుంది, పారిపోతూ నీళ్లలో మునిగి చనిపోతుంది. ముగింపు విషాదమే, కానీ ఆ "కాదు" ఆమె నోటితో, ఆమె భాషలో వినబడింది. చదువురాని స్త్రీకి కూడా వినబడేలా వినబడింది.

సాహిత్యం నుంచి సినిమాకి వెళ్లడంలోని అర్థం ఇదే. అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ 1967 తర్వాత దాదాపు పన్నెండేళ్లు కొత్త కథాపుస్తకం తేలేదు. ఆ కాలంలోనే తల్లి తరఫు స్త్రీలుండే షెనువా కొండ ప్రాంతానికి వెళ్లి, స్వాతంత్ర్య యుద్ధం గురించి వాళ్లు చెప్పింది విని "లా నూబా" సినిమా తీసింది. దానికి 1979లో వెనిస్‌లో విమర్శకుల బహుమతి వచ్చింది. తర్వాత 1985 నవలలో ఆ స్త్రీల గొంతులు చరిత్ర పత్రాల పక్కన చోటు చేసుకున్నాయి. జింబాబ్వేలో సిత్సీ దంగరెంబ్గా "నెర్వస్ కండిషన్స్" 1988లో రాసి, తర్వాత భర్త చనిపోయిన స్త్రీ ఆస్తిని మరిది కాజేసే "నేరియా" సినిమాకి కథ ఇచ్చింది. 1996లో "ఎవ్రీవన్స్ చైల్డ్"కి తానే దర్శకత్వం వహించింది. పుస్తకం అందని చోటికి తెర వెళ్లింది, తెర మీద విన్న మాట తిరిగి పుస్తకంలోకి వచ్చింది.

రామతులాయ్ ఉత్తరం పూర్తయ్యేసరికి, ఐసతు మర్నాడు రాబోతోందని తెలుస్తుంది. అంటే ఆ ఉత్తరం పోస్టు చెయ్యనక్కర్లేదు. 2025లో అంజెల్ జబాంగ్ అనే సెనెగల్ దర్శకురాలు దాన్ని సినిమాగా తెచ్చింది. బినెతులు ఇప్పుడు అది చూడగలరు. ఉత్సవం చేసుకోవాలంటే ఇలా చేసుకుందాం: "ఎఫురు" చదివినవాళ్లు ఎమెచేటా నవల కూడా చదవాలి, బా ఉత్తరం చదివినవాళ్లు "మోసాన్" చూడాలి. చూశాక, ఆ జవాబులో ఇంకా ఏ స్త్రీ గొంతు వినపడలేదో అడగాలి.