జంఘాలశాస్త్రి తిట్లు ఎవరికి?

పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి "సాక్షి" వ్యాసాలు చదవండి అని ఎవరికి చెప్పినా ముందు వచ్చే జవాబు ఒకటే: "అది గ్రాంథికం కదన్నా, ఎవరికి అర్థమవుతాది?" గ్రాంథికమే, కాదనను. అయితే ఒక పని చేయండి. కండ్లతో చదవద్దు, గొంతెత్తి చదవండి. రెండు పేజీలు దాటేలోపల వ్యాకరణం పాతదే గానీ ఊపిరి మాత్రం మాట్లాడే మనిషిదని తెలిసిపోతాది. ప్రశ్న మీద ప్రశ్న, దాని మీద ఇంకో ప్రశ్న. ఒక పోలిక చాలిన చోట పది పోలికలు. మూడో దానికి "సరే, ఇంక చాలు" అనిపిస్తాది, ఏడో దానికి నవ్వు ఆగదు. కొళాయి కాడ తగవు పెట్టుకున్న ముసలమ్మ ఊపు అది. కాకపోతే ఈ ముసలమ్మ ఛందస్సు కూడా చదువుకునింది.

ఈ వ్యాసాలు మొదట 1913లో "సువర్ణలేఖ"లో మొదలైనాయి. 1920 తర్వాత "ఆంధ్రపత్రిక"లో వచ్చి ఇంటింటి పేరైనాయి. అచ్చు ఇంగ్లీషువాళ్లది. 1711లో ఆడిసన్, స్టీల్ ఇద్దరూ లండన్లో నడిపిన "స్పెక్టేటర్" పత్రికలో ఒక క్లబ్బు ఉండాది, దాన్ని చూసే పానుగంటివారు సాక్షి సంఘం కట్టినారు. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసుడు, బొర్రయ్యసెట్టి. ఇందులో తెలివి యాడుందంటే, సాక్షి పెద్దగా మాట్లాడడు. చూస్తాడు, రాస్తాడు. మాటంతా జంఘాలశాస్త్రిది. జంఘాలుడు అంటే వేగంగా నడిచేవాడు, కానీ ఈయన కాళ్లకంటే నోటికే వేగం ఎక్కువ. పత్రికలో విడవకుండా రాసేవాడికి ఇది చానా అనువైన ఏర్పాటు. శాస్త్రి హద్దు దాటి తిట్టినా, మొండిగా వాదించినా, ఆ మాట శాస్త్రిది. రాసినాయన పక్కన కూర్చుని మనతో పాటు వింటాంటాడు. పేరున్న మనుషులను తిట్టిన వ్యాసాలు ఆ మనుషులతోనే పోతాయి. ఇక్కడ తిట్లు తినేది ఒక రకం మనిషి: సభలో గొంతు సవరించుకునేవాడు, నాలుగు పద్యాలు కట్టి కవినైపోయినా అనుకునేవాడు, ఇంగ్లీషు వేషం వేసుకున్నవాడు. ఆ రకాలు ఇంకా పోలేదు, అందుకే వ్యాసాలూ పోలేదు.

మనవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుండాది. ఆంధ్రపత్రిక అచ్చయ్యేది మద్రాసులో. శాస్త్రి ఉపన్యాసాలు వారం వారం వస్తాండిన 1920ల్లో బరంపురం, పర్లాకిమిడి, బళ్లారి, సేలం జిల్లాలో ఉండిన మా హోసూరు, అన్నీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండినాయి. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండిన యానాం సంగతి వేరు. "బయటి తెలుగువాళ్లు" అనే మాటకు అప్పుడు చోటే లేదు. గంజాం 1936లో ఒడిశాకు పోయింది, బళ్లారి 1953లో మైసూరుకు పోయింది. మనం యాడికీ పోలేదు, గీతలే జరిగినాయి. కాబట్టి ఈ పుస్తకాన్ని అవతలివాళ్ల ఆస్తి అనుకోనక్కర లేదు.

అయితే "స్వభాష" అనే వ్యాసం దగ్గర నాకు పేచీ ఉండాది. ఇంగ్లీషు చదువుకున్న పెద్దమనిషి ఒకాయన తెలుగులో మాట్లాడే అలవాటు లేదని సభలో చెప్పుకుంటాడు, శాస్త్రి లేచి ఆయన తోలు తీస్తాడు. మొత్తం సాక్షిలో ఇంత మంచి తిట్టు ఇంకొకటి లేదని నా లెక్క. పోయిన సెలవుల్లో మా వీధి పిల్లలకు దీన్ని చదివి వినిపించినాను. బాగా నవ్వినారు. తొమ్మిదో తరగతి పాప ఒకతి మాత్రం అడిగింది: "ఈ తాత మమ్మల్నే తిడతాండాడా మామా?" ఆ పాపకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. తమిళనాడులో 2006 చట్టం వచ్చినాక బడిలో తమిళం తప్పనిసరి, తెలుగుకు చోటు తగ్గిపోయింది. శాస్త్రి తిట్టింది చేతిలో ఉన్నదాన్ని పారేసినవాడిని. ఈ పాప చేతికి ఎవురూ ఇయ్యనేలేదు. ఇద్దరినీ ఒకే గాట కట్టేసి, వాట్సాప్‌లో ఈ వ్యాసం పంపి "సిగ్గుపడండి" అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది.

ఇంకో చిక్కు. శాస్త్రి కాపాడమనే తెలుగులో మన "మాదిరి"కీ, "ఉండాది"కీ పీట లేదు. పానుగంటివారు గ్రాంథికం పక్షం. అదే కాలంలో పర్లాకిమిడిలో కూర్చుని నోటి మాటకు పీట వేయమని పోరాడింది గిడుగు రామమూర్తిగారు. మన మాట మన బ్లాగులో సిగ్గు లేకుండా రాసుకుంటాండామంటే అది గిడుగువారి పుణ్యం. తమాషా ఏమంటే, వాక్యం నడకలో గ్రాంథికం పక్షపు పానుగంటివారే ఎంతోమంది వ్యావహారికం రాసేవాళ్లకంటే నోటికి దగ్గర. ఆయన క్రియాపదాలు మార్చి చూడండి, ఉపన్యాసం అట్లనే నిలబడతాది.

ఆడవాళ్ల మీద, సంస్కర్తల మీద ఆయన వేసిన ఎగతాళి ఇప్పుడు మింగుడు పడదు, పడాల్సిన అవసరమూ లేదు. కొన్ని వ్యాసాలు సగానికి కోస్తే బాగుపడేవి కూడా. వారం వారం నింపాల్సిన పేజీ అది, సాగదీత కనపడతాది. ఆరు సంపుటాలూ వరసగా చదివితే ఎవురికైనా తల తిరుగుతాది. వారానికి ఒకటి, పత్రికలో వచ్చినట్లే చదవండి. మొదట సంఘం ఏర్పడిన కథ, తర్వాత "స్వభాష". పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, ఆ తిట్టు వాళ్లకు కాదని ముందే చెప్పి.