ఆకు రాలాక చెట్టు పేరు

పొదిలి నుంచి మార్కాపురం పోయే దారిలో వేప, చింత, కానుగ నడి వేసవిలోనూ పచ్చగానే ఉంటాయి. వాటి పేర్లు చెప్పడం ఓ విద్యేమీ కాదు. గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమలలో అడుగుపెడితే తెలుస్తుంది అసలు కష్టం. అది ఆకురాల్చే అడవి. వేసవి ముదిరేసరికి చాలా మానులు మోడులై నిలబడతాయి. మన వృక్షశాస్త్ర పుస్తకాలేమో ఆకుతోనే మొదలుపెడతాయి! అడవిలో పుట్టి పెరిగిన చెంచులు ఆకు కోసం ఆగరు, మాను చూసి పేరు చెబుతారు.

ముందు దూరం నుంచి వాటం చూడాలి. బూరుగ కొమ్మలు కాండం చుట్టూ అంతస్తులుగా, అడ్డంగా సాగుతాయి. తెల్లతుమ్మ తల బల్లపరుపుగా పరుచుకుంటుంది. పొదిలి బీళ్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ నేల దగ్గరే నాలుగైదు కాండాలుగా చీలుతుంది. అయితే వాటాన్ని పూర్తిగా నమ్మకూడదు. మేకలు మేసినా, కట్టెలకు కొట్టినా, అడుగున రాయి తగిలినా ఏ చెట్టయినా వంకర తిరుగుతుంది.

నమ్మదగిన సాక్షి బెరడు. నల్లమద్ది మాను మొసలి వీపే: లోతైన పగుళ్లు, వాటి మధ్య నలుపలకల పెళ్లలు. చిక్కేమిటంటే ఎర్రచందనం బెరడూ ముదిరితే అలాగే పగులుతుంది. గాయమైన చోట ఎర్రటి రసం గడ్డకట్టి ఉంటే అది నల్లమద్ది కాదు. కానీ యేగి మానూ ఎర్రగానే కారుతుంది కనుక, రసం ఒక్కటే చూసి తీర్పు చెప్పెయ్యకూడదు. తెలుసుకుందామని మనమే గాటు పెట్టడం మాత్రం తగదు. రిజర్వు అడవిలో బెరడు ఒలిస్తే 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. పాత గాయాలు వెతికితే చాలు, అడవిలో వాటికి కొదవ లేదు.

తుమికి కూడా నల్లగానే పగులుతుంది గానీ పెళ్లలు చిన్నవి. చిరుమాను తెల్లగా, నున్నగా ఉంటుంది. పొరలు రాలినచోట లోతు లేని గుంటలు పడతాయి. వాగుల వెంట నిలిచే తెల్లమద్దిదీ నున్నని పాలిపోయిన మానే. అందుకే బెరడుతోపాటు చెట్టు నిలిచిన చోటునూ చూడాలి. తపసిని మాత్రం ఎవరూ పొరబడరు: తెల్లటి మాను, కాగితంలా లేచే పొరలు. చెంచులకు రాబడినిచ్చే బంక దీనిదే. బంక కోసం పెట్టే గాట్లు లోతుగా, ఎక్కువగా పడితే చెట్టే చచ్చిపోతుంది. కాబట్టి వాళ్లకు చెట్టును గుర్తుపట్టడం ఎంత అవసరమో, బెరడు మందం ఎరగడమూ అంతే అవసరం.

బెరడును పట్టించుకున్న పుస్తకాలూ లేకపోలేదు. తరవాతి రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన జె.ఎస్. గాంబుల్ 1881లోనే భారతీయ కలప మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. అందులో కలప లక్షణాలతోపాటు బెరడు వర్ణనలూ, దేశభాషల పేర్లూ ఉన్నాయి. ఇలాంటి వర్ణనలు ఎక్కువగా ముదిరిన మానులవే. లేత నల్లమద్దిలో మొసలి వీపు కోసం వెతికితే దొరకదు. లేత బెరడు ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ జాతి ముసలి చెట్టు కిందే నిలబడి పైకొమ్మలు చూడండి. అక్కడ బెరడు ఇంకా పడుచుదే.