మనకి మనం ఓటేసుకోలేని పోటీ

యూరోవిజన్ గురించి మనవాళ్లతో మాట్లాడితే రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి, "అదేంటి?" రెండోది, "ఓ, ఆ పొగలూ మంటలూ తళుకుబట్టలూనా!" రెండోదాంట్లో అబద్ధమేమీ లేదు. పాటలు కొన్ని బావుంటాయి, చాలావరకు మామూలుగా ఉంటాయి, ఒకట్రెండు ఎందుకు పాడారో పాడినవాళ్లకే తెలియాలి. అయినా మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలయ్యే ఫైనల్‌ని తెల్లారేదాకా చూసి, నవ్వు ముఖంతో పడుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పాటలు అంతంతమాత్రమైతే ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వస్తోంది?

"సంగీతానికి ఎల్లలు లేవు" అనే పాత జవాబు నాకు నచ్చదు. ఎల్లలున్నాయి. మనకి రాని భాషలో పాట వస్తే ఇరవై సెకన్లలో స్కిప్ కొట్టేస్తాం. యూరోవిజన్ గొప్పతనం సంగీతంలో కంటే ఒక రూల్లో ఉందని నా వాదన. ఏ దేశమూ తన పాటకి తను ఓటెయ్యకూడదు.

ఈ రూలు పుట్టుకతో రాలేదు. 1956 మే 24న స్విట్జర్లండ్‌లోని లుగానోలో మొదటి పోటీ జరిగినప్పుడు ఏడు దేశాలు వచ్చాయి, దేశానికి రెండేసి పాటలు. జ్యూరీలు సొంత పాటకీ ఓటెయ్యొచ్చు, ఓట్లు రహస్యం. ఆతిథ్యమిచ్చిన స్విట్జర్లండే గెలిచింది. ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో పూర్తిగా ఎప్పుడూ బయటపెట్టలేదు. మరుసటి ఏడాదే రూలు మారింది. సొంత పాటకి ఓటు బంద్, లెక్క అందరి ముందూ.

దీనివల్ల చూసేవాడి పరిస్థితి ఏమవుతుందో ఆలోచించండి. తన దేశం పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పాతిక పాటల్లో ఎవరికి వెయ్యాలో తేల్చుకోవాలంటే వాటిని వినక తప్పదు. పైగా అన్ని దేశాల బరువూ ఒక్కటే. మాల్టా ఇచ్చే 12 పాయింట్లకీ జర్మనీ ఇచ్చే 12 పాయింట్లకీ తేడా లేదు. జనాభా ఎక్కువున్నవాడు గెలిచే దారి రూల్లోనే మూసేశారు. లక్సెంబర్గ్ అంత చిన్న దేశం ఐదుసార్లు గెలిచింది.

మన సంగతికొద్దాం. 2006లో ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్‌కి కారుణ్య వెళ్లినప్పుడు ఊళ్లో ఎవరి నోట విన్నా అతని పేరే. 2010లో శ్రీరామచంద్ర ఐదో సీజన్ గెలిచేనాటికి నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. రీఛార్జ్ డబ్బులన్నీ ఎస్సెమ్మెస్‌లకి పోయాయి. ఆగస్టు 15 రాత్రి కారిడార్లో బకెట్లు వాయించి మరీ అరిచాం. ఆ ఆనందం దొంగది కాదు. కానీ ఆ సీజన్లో మిగతావాళ్లు ఏ పాటలు పాడారని అడిగితే మా బ్యాచ్‌లో ఒక్కడూ చెప్పలేడు. మాకు వాళ్లు గాయకులు కారు, అడ్డంకులు. ఆ పోటీ మమ్మల్ని కలిపిన మాట నిజమే, మాతో మమ్మల్నే కలిపింది.

ఇదే విషయం 2023 జనవరిలో ఇంకా పెద్ద స్థాయిలో కనబడింది. 'నాటు నాటు'కి గోల్డెన్ గ్లోబ్ రాగానే అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ తెలుగు జెండా రెపరెపలాడుతోందని ట్వీట్ చేశారు. గాయకుడు అద్నాన్ సమీ, తెలుగు జెండా ఏంటి, భారత జెండా కదా అని అభ్యంతరం చెప్పారు. రెండ్రోజులు నెట్లో అదే గొడవ. పాట గెలిచింది, మనం జెండా ఎవరిదని కొట్టుకున్నాం. మార్చి 12న ఆస్కార్ వచ్చాక ఊరికొక వాటా తేల్చారు: చంద్రబోస్ మా జిల్లా, కీరవాణి మీ జిల్లా, రాహుల్ సిప్లిగంజ్ మా పాతబస్తీ. రెండు రాష్ట్రాలవాళ్లు కలిసి చేసిన పాట అనేది అందరికీ కనిపిస్తున్న విషయం, అదే ఎక్కువమంది అనలేదు.

నవ్వొచ్చేదేంటంటే, ఆ పాటలో ఉన్నదే ఒక పోటీ. తెల్లదొరలు ఒక్కొక్కరే అలసి పడిపోయాక చివరికి మిగిలేది స్నేహితులిద్దరే. భీమ్‌ని జెన్నీ ఉత్సాహపరుస్తుంటే రామ్ చూస్తాడు. కాలు పట్టేసినట్టు నటించి పడిపోతాడు. ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ స్టెప్పుల్ని ప్రపంచమంతా అనుకరించింది కానీ, ఆ సీన్‌కి ప్రాణం ఈ పడిపోవడంలో ఉంది. గెలవగలిగినవాడు తన ఓటు పక్కవాడికి వేశాడు. అంతకుముందే దొరసానులు కూడా కాళ్లాడించడం మొదలెడతారు చూడండి, అక్కడ ఎవరు ఏ పక్షమో కాసేపు మర్చిపోతాం. విజయేంద్రప్రసాద్, రాజమౌళిలకి యూరోవిజన్ తెలుసో లేదో గానీ, దాని సూత్రం మాత్రం ఆ సీన్లో ఉంది.

ఆ డ్యాన్స్ షూటింగ్ 2021 ఆగస్టులో కీవ్‌లో, మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు జరిగింది. ఆర్నెల్లకి అక్కడ యుద్ధం మొదలైంది. 2022 మేలో టూరిన్‌లో జరిగిన యూరోవిజన్‌లో ఉక్రెయిన్ బృందం కలుష్ ఆర్కెస్ట్రా 'స్టెఫానియా' పాడి గెలిచింది. అమ్మ మీద రాసిన పాట అది, ఉక్రెయినియన్ భాషలో. మొత్తం 631 పాయింట్లలో 439 ప్రేక్షకులు ఇచ్చినవి. అందులో ఒక్క పాయింటూ ఉక్రెయిన్ ఇచ్చుకున్నది కాదు, ఇచ్చుకోలేదు కూడా. భాష రానివాళ్లు వేసిన ఓట్లవి. సానుభూతి ఓట్లంటారా? అవును. సానుభూతి అంటేనే మనది కానిదానికి ఓటెయ్యడం. మరుసటి ఏడాది ఉక్రెయిన్ తరఫున పోటీని లివర్‌పూల్ నడిపింది.

సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి నాకు ఆ ఓట్ల లెక్కింపు మహా ఇష్టం. దేశం తర్వాత దేశం తెర మీదకొచ్చి పలకరించి తన 12 ఎవరికో చెబుతుంది. పాడినవాళ్లంతా చివరిదాకా ఒకే హాల్లో కూర్చుంటారు. మన షోల్లోలాగా వారానికొకణ్ణి ఏడిపించి ఇంటికి పంపడం ఫైనల్లో ఉండదు. ప్రతి దేశమూ పది పాటలకి పాయింట్లివ్వాలి కాబట్టి, అభిమానం ఒక్కచోటే కుమ్మరించే వీల్లేదు, పంచాలి. తమ మీద తామే జోకులేసుకునే అలవాటూ ఉంది. 2016 స్టాక్‌హోమ్ ఫైనల్లో వ్యాఖ్యాతలే, యూరోవిజన్ పాట గెలవాలంటే ఏయే దినుసులు వెయ్యాలో చూపిస్తూ ఒక పేరడీ పాట పాడారు. ఓడితే పరువు పోదని అందరికీ తెలిసిన చోటే అలా నవ్వగలరు.

రూలుంటే చాలా? చాలదు. గ్రీసు, సైప్రస్ ఒకదానికొకటి 12 ఇచ్చుకోవడం పాత జోకు. దండయాత్ర తర్వాత 2022లో రష్యాని పోటీకి రానివ్వలేదు. ఇజ్రాయెల్ పాల్గొనడం మీద 2024 మాల్మోలో వీధుల్లో నిరసనలు జరిగాయి. 2026 పోటీకి స్పెయిన్, ఐర్లండ్, నెదర్లండ్స్, స్లొవేనియా రామన్నాయి. వ్యవస్థీకృతంగా ఓట్లు వేయిస్తున్నారన్న ఆరోపణల తర్వాత, ఒక్కొక్కరు వెయ్యగల ఓట్లు 20 నుంచి 10కి తగ్గించారు. మా భాషలో చెప్పాలంటే రేట్ లిమిట్ పెట్టారు. రేట్ లిమిట్‌తో సర్వర్ని కాపాడొచ్చు, గాజాని మర్చిపోయి పాడండని ఎవరికీ చెప్పలేం. ఆ రూలు పని చెయ్యాలంటే పక్కవాణ్ణి చూసి చప్పట్లు కొట్టే మనసు ముందే కాస్త మిగిలుండాలి.

అలాంటి మనసు మనకి లేదని అనను. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' గుర్తుచేసుకోండి. ఉష, మల్లికార్జున్ లాంటి గాయకులు ఆ వేదిక నుంచి వచ్చారు. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది బాలు మధ్యలో ఆగి చెప్పిన కబుర్లే. ఈ పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఆ ఒత్తు ఎందుకు పలకాలి. గెలుపు పక్కకి పోయి పాట ముందుకొచ్చేది. మా ఇంట్లో ఎవరు గెలుస్తారని పందేలు కాసిన గుర్తు లేదు, ఎవరు పాడినా వెంట పాడిన గుర్తుంది. అక్కడ రూలు చెయ్యాల్సిన పని ఒక మనిషి చేశాడు. 2020లో ఆయన పోయారు. మనుషుల మీద ఆధారపడిన వ్యవస్థలకున్న చిక్కే అది.

అందుకే ఈ మధ్య వినాయక చవితికి, తుక్కుగూడలోని మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల పాటల పోటీకి ఈ రూలు పెట్టిచూశాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నాలుగు బ్లాకులు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు, ఫ్యాబ్ సిటీ ఫ్యాక్టరీలవాళ్లు, నాలాంటి ల్యాప్‌టాప్‌గాళ్లు. ఖమ్మం, కడప, శ్రీకాకుళం, ఇంకా ఒడిశా, బెంగాల్. ఏ బ్లాకువాళ్లు తమ బ్లాకు పిల్లలకి ఓటెయ్యకూడదు, మిగతా మూడు బ్లాకుల పాటలకి వరస ఇవ్వాలి. "సొంత పిల్లకి ఓటెయ్యనివ్వని పోటీ ఏం పోటీ అండీ?" అని ఒక అంకుల్ గట్టిగానే అడిగారు. కొందరు, గెలిచేలా ఉన్న పాటని కావాలనే అట్టడుగున పెట్టారు. మనవాళ్ల తెలివికి ఏ రూలైనా తలొంచాల్సిందే.

కానీ డీ బ్లాకులో ఒక ఒడియా పాప జగన్నాథుడి మీద పాట పాడింది. మామూలుగా అయితే ఆ పాటకి వాళ్లమ్మానాన్నల ఓట్లు రెండూ, మర్యాదకి ఇంకో రెండూ పడేవి. మా బ్లాకులో ఉండే మామ్మగారు చేతిలో కాగితం పట్టుకుని, ఏ వరసలో పెట్టాలో తెలీక, పాపని దగ్గరికి పిలిచి "దాని అర్థమేంటమ్మా?" అని అడిగారు. పాప సగం హిందీలో, సగం తెలుగులో చెప్పింది. మామ్మగారు మళ్లీ పాడించుకుని విన్నారు.

పాపకి మూడో స్థానం వచ్చింది. వచ్చే ఏడు కూడా అదే రూలు ఉండాలా వద్దా అని వాట్సాప్ గ్రూపులో ఇంకా వాదన నడుస్తోంది. నా ఓటు ఉండాలనే.