బలహీనులెవరు?

ఒంగోలు మిషన్ చరిత్రలు ఒక కథ దగ్గర మురిసిపోతాయి. 1866లో ఒంగోలొచ్చిన క్లౌ మాదిగలను చేర్చుకుంటుంటే అగ్రకులాలవాళ్లు వద్దన్నారట. దంపతులిద్దరూ ఎవరికి వారుగా బైబిలు తెరిస్తే, బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడనే కొరింథీయుల పత్రిక భాగమే ఇద్దరికీ తగిలిందట.

ఈ కథలో మాదిగ, మిషనరీ సందేహం తీర్చే సాక్ష్యం మాత్రమే. యర్రగుంట్ల పేరయ్య అందులో ఇమడడు. తోళ్ల వ్యాపారి, రాజయోగం సాధన చేసినవాడు. క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టకముందే సువార్తను తనే వెతుక్కుంటూ పోయాడు. ఆ మార్పు అనూహ్యం ఎవరికి? దొరలకూ కరణాలకూ.

1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది కూడా క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. కూటికోసం చేరారంటారు. ఆకలి లేదనను. కానీ బకింగ్‌హాం కాలువ కూలిపని నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు గదా, ఆ సంగతి ఎందుకు చెప్పరు?